వీపు తిప్పిన చొక్కాలు

జగ్గయ్యపేట,
ఆగస్టు 11.

ప్రియమైన ప్రసాద్‌కి,

ఫోను చేస్తే "ఊఁ, ఊఁ" అంటావు. పెట్టేశాక నేనేం చెప్పానో మీ ఫ్లోరెన్స్‌ని అడుగుతావు. ఆవిడే అంది, "అన్నయ్యగారూ, ఉత్తరం రాయండి, ఆయనకదే సుఖం" అని. కాలేజీ రోజుల్లో వేసవి సెలవులకి రాసుకునేవాళ్ళం కదా, మళ్ళీ మొదలుపెడదాం.

ఎరువుల షాపు మీద హాలు కట్టించా. గోడల నిండా నేను కొన్న బొమ్మలే. కడవలెత్తిన ఆడవాళ్ళు, ఎడ్లబండ్లు, తలపాగాల ముసలాళ్ళు. వచ్చినవాళ్ళు బాగున్నాయంటారు, టీ తాగుతారు, వెళతారు. నాకే ఈమధ్య అవి కేలెండర్లలా కనిపిస్తున్నాయి.

పోయిన నెల డీలర్ల మీటింగుకని హైదరాబాదు వెళ్ళి, ఖాళీ దొరికితే ఒక గ్యాలరీలో దూరా. గోడకి మట్టిరంగు పూసిన పెద్ద గుడ్డ ఉంది, దాని మధ్యలోంచి ఒక దారం వేలాడుతోంది. అంతే. నవ్వు రావాలి, రాలేదు. అక్కడి అమ్మాయి వచ్చి "మీరు కలెక్టరా సర్?" అనడిగింది. "కాదమ్మా, కలెక్టరుగారు విజయవాడలో ఉంటారు, నేను జగ్గయ్యపేట డీలర్ని" అన్నా. పాపం నవ్వింది. దీనర్థమేమిటని అడగడానికి మాత్రం నోరు రాలేదు. బయటికొచ్చి కారెక్కాక కూడా ఆ దారమే కళ్ళముందు ఊగుతోంది.

నువ్వు డ్రాయింగు మాస్టారివి. ఈ కొత్తరకం కళని ఎలా చూడాలో, ఏది కొనాలో నాకు చెప్పు. షష్టిపూర్తి అయినవాడికి పాఠమేంటని నవ్వకు.

నీ
కుటుంబరావు


నందిగామ,
ఆగస్టు 23.

కుటుంబరావ్‌కి వందనాలు.

నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత చిలకలూ జెండాలూ వేయించినవాణ్ణి. నువ్వడిగేది నాకూ కొత్తే. అయితే నాకొక గురువు దొరికింది. నా దగ్గరే ఎనిమిదో తరగతిలో రంగుల డబ్బా పట్టుకున్న పిల్ల, మెర్లిన్. చెవిటికల్లు వాళ్ళది. బొమ్మల చదువు చదివి వచ్చింది. వాళ్ళమ్మ రత్నమణి కూలికెళ్ళి చదివించింది.

మెర్లిన్ దగ్గర నేను నేర్చుకున్నది చెబుతా. ముందే అర్థం అడక్కూడదు. అది దేంతో చేశారో చూడాలి, ఆ వస్తువు అంతకుముందు ఎవరి ఇంట్లో ఉందో ఆలోచించాలి. కాసేపు విసుగొస్తుంది. ఆ విసుగు పోయేదాకా కదలకూడదు. చాలామంది విసుగు దగ్గరే వెళ్ళిపోతారు.

ఆ పిల్ల ఇప్పుడొకటి చేసింది. మిరపకాయల కోతలకెళ్ళే ఆడవాళ్ళు చీరమీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కాలు తొడుక్కుంటారు కదా, ఘాటుకీ ఎండకీ. అలాంటి పాత చొక్కాలు వాళ్ళ వీధిలోవి సేకరించి, ఉతక్కుండా, లోపల మనిషి ఉన్నట్టు నిలబడేలా చిక్కటి గంజిపెట్టి వరసగా వేలాడదీసింది. ఒకదాని చేయి అంచు పక్కదాని చేతికి కుట్టింది. అన్నీ మనకి వీపు తిప్పి ఉంటాయి. వెళ్ళి చూడు. కొనమని చెప్పను, చూడమనే చెబుతా.

నీ
ప్రసాద్


జగ్గయ్యపేట,
అక్టోబరు 4.

ప్రసాద్,

చూశా. కొన్నా కూడా.

చెవిటికల్లు చర్చి పక్క రేకుల షెడ్డులో వేలాడదీసింది మీ శిష్యురాలు. లోపలికెళ్ళగానే మిరపకోరు తగిలి తుమ్ములొచ్చాయి. నువ్వన్నట్టే విసుగొచ్చింది. కదలకుండా నిలబడ్డా. వీపుల మీద చెమట చారలు, పత్తి పసరు మరకలు, భుజం దగ్గర చిరుగులు. ఉన్నట్టుండి నేనేదో క్యూలో వాళ్ళ వెనక నిలబడ్డట్టనిపించింది. ఎవరైనా తిరిగి చూస్తారేమోనని, నిజం చెబుతున్నా, కాసేపు ఎదురుచూశా. ఒళ్ళు జలదరించింది.

మెర్లిన్ "వెనక్కి కూడా వెళ్ళి చూడండి సార్" అంది. ఈలోగా షాపు నుంచి ఫోనొస్తే బయటికొచ్చేశా.

వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి "ఇయ్యి మీకెందుకండీ? మేం కాయలు కోసేటప్పుడు ఏసుకున్నయ్" అంది.

"మా హాల్లో పెడతానమ్మా" అన్నా.

"మేడ మీదా?" అంది. "మరి ఉతకలేదండి. ఉతకొద్దంది పిల్ల." మూడోది ఆవిడదేనట, నీలంగీతల చొక్కా. చూపించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

గోడకి ఆనించొద్దనీ, వెనక మనిషి తిరిగేంత ఎడం ఉంచమనీ మెర్లిన్ మరీమరీ చెప్పింది. కార్తీకమాసంలో హాలు ప్రారంభం పెట్టుకున్నా. వాళ్ళమ్మనీ తీసుకురమ్మన్నా. నువ్వూ ఫ్లోరెన్సూ రావాలి. ఇన్నాళ్ళకి నాదని చెప్పుకోడానికి ఒకటి దొరికింది.

కుటుంబరావు


జగ్గయ్యపేట,
నవంబరు 29.

ప్రసాద్,

నువ్వొచ్చినందుకు చాలా సంతోషం. ఫ్లోరెన్సుకి జ్వరం తగ్గిందని తలుస్తా. ఫంక్షను బాగా జరిగింది. మిల్లు బుల్లిబాబు, బ్యాంకు మేనేజరు, వర్తక సంఘం వాళ్ళంతా వచ్చారు. భోజనాలు బాగున్నాయన్నారు. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయావేం? మెర్లిన్ వాళ్ళు కూడా భోంచెయ్యకుండానే వెళ్ళారట, బస్సుకి టైమైందేమో.

పనిలో ఉండి ఎక్కువ రాయడం లేదు.

కుటుంబరావు


నందిగామ,
డిసెంబరు 7.

కుటుంబరావ్,

మెర్లిన్ మా ఇంటికి రావడం మానేసింది. ఆదివారం చర్చి దగ్గర కనబడితే పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. మెసేజీలు పెడితే జవాబు లేదు. ఆ సాయంత్రం నుంచే ఇలా ఉంది.

ఒక్కటడుగుతా. నువ్వు చొక్కాల దగ్గర నిలబడి ఉన్నావు, బుల్లిబాబు నిన్నేదో అడిగాడు, నువ్వేదో అన్నావు, అందరూ ఘొల్లున నవ్వారు. నేను వెనక కుర్చీల్లో మెర్లిన్‌కీ వాళ్ళమ్మకీ మధ్య కూర్చున్నా. నాకు వినపడలేదు. నువ్వేమన్నావు?

ఇంకోటి. వాటిని గోడకి అతికించినట్టు పెట్టావు. భోజనాల బల్లలకి చోటు కావాలనేమో. అప్పుడే నీతో చెప్పవలసింది, పెద్దమనుషుల మధ్య ఉన్నావని ఊరుకున్నా.

ప్రసాద్


జగ్గయ్యపేట,
డిసెంబరు 12.

ప్రసాద్,

ఏమన్నానో నాకే గుర్తులేదు. నలుగురూ చేరినప్పుడు సరదాగా ఏదో అంటాం. ఈకాలం పిల్లలకి రోషాలెక్కువ. మీ మెర్లిన్‌కి క్రిస్మస్‌కి మంచి చీర పంపుదామని మా ఆవిడ నాగేంద్రమ్మతో అన్నా, వాళ్ళమ్మకి కూడా.

గోడలకి మళ్ళీ రంగు వేయిస్తున్నా, అందుకని చొక్కాలు దింపించా. జాగ్రత్తగానే పెట్టించా.

కుటుంబరావు


నందిగామ,
డిసెంబరు 21.

కుటుంబరావ్,

చీరలు పంపకు.

క్రిస్మస్ స్త్రీల కూటానికి ఫ్లోరెన్స్ చెవిటికల్లు వెళ్ళింది. రత్నమణి ఆవిడకి చెప్పింది. ఇంటికొచ్చాక ఫ్లోరెన్స్ ఆ మాట గట్టిగా చెప్పలేక, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఎంత పెట్టి కొన్నారు?" అని బుల్లిబాబు అడిగితే నువ్వన్న మాట ఇది: "కొనడమేముందండీ! ఆ వీధికి స్టీలు సామాన్లవాడు రాలేదంట, పాత బట్టలన్నీ మా ఇంటికి పంపారు."

నీకు గుర్తులేదన్నావు. వాళ్ళకి అక్షరం పోకుండా గుర్తుంది.

ఇప్పుడు నా సంగతి విను. నాకు వినికిడి తగ్గిందని నీకు తెలుసు. తగ్గలేదు, పోయింది. ఒక చెవి పూర్తిగా, రెండోది ఇంచుమించుగా. ఫ్లోరెన్స్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మాస్టారు చెవిటివాడయ్యాడని పిల్లలు అనుకరిస్తారేమోనని భయం. అందుకని ఒక పద్ధతి అలవాటు చేసుకున్నా. ఎదుటివాళ్ళు తలూపితే తలూపుతా, నవ్వితే నవ్వుతా. ఆ సాయంత్రమంతా రత్నమణి నా పక్కన కూర్చుని ఏ చొక్కా ఎవరిదో వేలుపెట్టి చూపిస్తూ చెబుతోంది. నేను ఒక్క ముక్క వినకుండా "అవునవును" అంటున్నా. అంతలో అందరూ నవ్వారు. నువ్వూ నవ్వుతున్నావు. ఏదో మంచిమాటే అన్నావనుకుని నేనూ నవ్వా. నవ్వడమే కాదు, ఆవిడ కూడా కలిసి నవ్వాలని ఆవిడ మొహంలోకి చూసి నవ్వా.

ఆవిడ నన్ను చూసిన చూపు నాకప్పుడు అర్థం కాలేదు. మీకోసం తెచ్చిన జామకాయల సంచి ఒళ్ళోకి లాక్కుని లేచింది. మెర్లిన్ వెనకాలే వెళ్ళింది. బస్సుకి టైమైందేమోనని నేనూ అనుకున్నా.

నిన్న చెవిటికల్లు వెళ్ళి, చెవిటివాణ్ణని చెప్పుకున్నా. ఊరి పేరుతో కలిసొచ్చిందని ఇంకెప్పుడైనా నవ్వుకుంటానేమో, నిన్న నవ్వు రాలేదు. రత్నమణి నా చెవి దగ్గరకొచ్చి, ఊరంతా వినేటట్టు అరిచింది: "మరి ముందే చెప్పొచ్చుగా మాస్టారూ! నేను సాయంత్రమంతా గోడకి చెప్పుకున్నానా?" మెర్లిన్ ఇంట్లోంచి బయటికి రాలేదు.

నా నవ్వుని చెవుల మీద నెట్టడానికి వీలుంది. నీ మాటని దేనిమీద నెడతావో నాకు తెలియదు.

ప్రసాద్


జగ్గయ్యపేట,
డిసెంబరు 29.

ప్రసాద్,

దేనిమీదా నెట్టను.

ఆవిడ వెనక కూర్చుందని నాకు తెలియదని రాయబోయి, ఆ కాగితం చింపేశా. తెలుసు. నేనే కుర్చీ వేయించా. బుల్లిబాబు అడిగినప్పుడు అందరి మొహాలూ చూశా. ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వీళ్ళు నన్ను చూసి నవ్వబోతున్నారని తెలిసిపోయింది. వాళ్ళు నవ్వేలోపు నేనే నవ్వించా. నా మీద పడాల్సిన నవ్వుని అటు తోశా. చెవిటికల్లులో నిలబడి ఒళ్ళు జలదరించినవాణ్ణి నేనే, ఆ మాట అన్నవాణ్ణీ నేనే. ఆ చూసింది అబద్ధం కాదురా. కానీ నలుగురి ముందు నాదని చెప్పుకునే ధైర్యం లేనప్పుడు, చూసి ఏం లాభం?

గోడలకి రంగు వేయిస్తున్నానన్నదీ అబద్ధమే. చొక్కాలని కింద గోడౌన్లో పురుగుమందు పెట్టెల పక్కన పెట్టించా, వచ్చేపోయేవాళ్ళు మళ్ళీ అడగకుండా.

నీ ఉత్తరం నాగేంద్రమ్మ చదివింది. మర్నాడు నేను షాపులో ఉండగా కుర్రాళ్ళచేత అవన్నీ పైకి మోయించి, స్లాబు కొక్కేలకి కట్టించింది, గోడకి బాగా ఎడంగా. తను వెనక్కి వెళ్ళి నిలబడి నన్ను కేకేసింది. నేను అటువైపు అదే మొదటిసారి చూడటం. లోపల చీరముక్కలతో మాసికలు. బొత్తాములు ఊడినచోట పిన్నీసులు. ఒకదానికి గుండె దగ్గర లోపలివైపు చిన్న జేబు కుట్టి ఉంది, సెల్‌ఫోనుకేమో. కాలర్ల మీద టైలర్ల లేబుళ్ళు. రెండిటి మీద నేను కుట్టించుకునే టైలరు పేరే ఉంది. పండగలకి మన ఇళ్ళల్లో పనివాళ్ళకి పాత చొక్కాలిస్తాం చూడు, ఆ దారినే పోయి ఉంటాయి.

నాగేంద్రమ్మ అంది: "పాతవిచ్చి దణ్ణాలు పెట్టించుకున్నాం. వాళ్ళు దాన్నే ఇంత చేసి తెచ్చిస్తే నవ్వామా?"

ఆరోజు తను నవ్వలేదు. అయినా "నవ్వామా" అని తననీ కలుపుకుంది. అదే నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

నేనిప్పుడేం చెయ్యాలి? చొక్కాలు తిరిగిచ్చెయ్యనా?

కుటుంబరావు


నందిగామ,
జనవరి 4.

కుటుంబరావ్,

ఏం చెయ్యాలో నన్నడక్కు. ఏం కొనాలో అడిగావు, ఎలా చూడాలో అడిగావు, చెప్పా. ఇది అడగాల్సింది వాళ్ళని. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటి దగ్గరే ఉంటారు. ఒట్టి చేతులతో వెళ్ళు. నేను తోడు రాను. నేనుంటే నువ్వు నాతోనే మాట్లాడతావు.

ప్రసాద్


జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 5.

ప్రసాద్,

రెండు ఆదివారాలు కంచికచర్ల దాకా వెళ్ళి, హైవే మీద టీ తాగి, వెనక్కి వచ్చా. ఇది కూడా నీకు తెలియాలని రాస్తున్నా. మూడోసారి నాగేంద్రమ్మ కూడా కారెక్కింది.

రత్నమణిగారు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. అనాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నా, ఒక్కటీ రాలేదు. "నేనన్న మాటకి సిగ్గుపడుతున్నానమ్మా, క్షమించండి" అన్నా. అంతే వచ్చింది.

ఆవిడ చేట కింద పెట్టింది. "మాటలు పడటం మాకు కొత్తేం కాదండీ. చేలల్లో ఇంతకంటే పెద్దయ్యే పడ్డాం. కానీ ఆరోజు నా పిల్ల, 'అమ్మా, నువ్వు పడ్డ కష్టాన్ని చూడటానికొస్తున్నారు పెద్దోళ్ళు' అని చెప్పి తీసుకొచ్చింది. నేను చర్చికి కట్టే చీర కట్టుకొచ్చా" అంది. చేట మళ్ళీ అందుకుని, "నా చొక్కా నాకిచ్చేయండి" అంది.

మెర్లిన్ లోపలినుంచి ఒక్క ఉదుటున వచ్చింది. "అమ్మా, అది ఇప్పుడు చొక్కా కాదు. ఒకటి తీస్తే మొత్తం పోద్ది" అంది.

"నీకు కాదేమో. నాకు చొక్కానే."

నేను నోరు తెరవబోయా. ఇది మొత్తం ఒకే కళాఖండమనీ, విడదీయకూడదనీ. నీ దగ్గర నేర్చుకున్న మాటలే. ఆవిడ చొక్కా ఆవిడకివ్వకుండా ఆపడానికా నేనీ చదువంతా చదివింది? నోరు మూసుకున్నా. "అలాగేనమ్మా" అన్నా.

మొన్న ఆదివారం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఆవిడ హాల్లోకి నేరుగా వెళ్ళి మూడో చొక్కా దగ్గర నిలబడి బ్లేడు అడిగింది. నాగేంద్రమ్మ తెచ్చిచ్చింది. గంజికి బిగుసుకున్న కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది, పక్కవాటికి గాటు పడకుండా. మెర్లిన్ గోడవైపు తిరిగి నిలబడింది. అయ్యాక ఆవిడ చొక్కా మడవబోతే మడత పడలేదు. అలాగే, నిలబడ్డ మనిషిని చంకలో పెట్టుకున్నట్టు పట్టుకుని, "టీ ఇస్తే తాగుతానండి" అని నాగేంద్రమ్మతో కిందికి వెళ్ళింది.

వరసలో ఖాళీ ఏర్పడింది. రెండు పక్కల చేతులూ దేన్నీ పట్టుకోకుండా ఉన్నాయి. దగ్గరకి జరపాలా అని అడిగా.

"జరపొద్దు సార్. అట్లాగే ఉండనివ్వండి. ఇక్కడ ఒకటి లేదేంటని ఎవరైనా అడిగితే మీరే చెప్పాలి. ఎవరో ఏదో అన్నారని కాదు. మీరన్న మాట, మీరన్నట్టే."

"ఎన్నాళ్ళమ్మా?" అన్నా.

"ఇది మీ దగ్గరున్నన్నాళ్ళు."

క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

కుటుంబరావు


నందిగామ,
ఫిబ్రవరి 19.

కుటుంబరావ్,

మెర్లిన్ మొన్న వచ్చింది. చేతిలో పలక పట్టుకొచ్చింది, నాతో మాట్లాడటానికట. మొదట రాసింది: "వినపడకపోతే చెయ్యెత్తండి మాస్టారూ." క్లాసులో నేను వాళ్ళకి చెప్పిన మాటే! ఆదివారం చర్చిలో కూడా చెయ్యెత్తా. పాస్టరుగారు కంగారుపడి ప్రార్థన ఆపేశారు.

రత్నమణి చొక్కాని రెండు రోజులు నీళ్ళల్లో నానబెట్టి, గంజి వదిలించి, ఉతికి, తొడుక్కుని కోతలకి వెళుతోందట.

నిన్నెవరైనా అడిగారా?

ప్రసాద్


జగ్గయ్యపేట,
మార్చి 12.

ప్రసాద్,

చాలారోజులు ఎవరూ అడగలేదు. మనుషులొచ్చినప్పుడల్లా, ఆ ఖాళీకి అడ్డంగా నిలబడుతున్నానని నాగేంద్రమ్మ కనిపెట్టింది. "జరగండి" అంది.

నిన్న బుల్లిబాబు వచ్చాడు, కూడా ఖమ్మం మిర్చి వ్యాపారి ఒకాయన. ఆయన వరస పొడుగునా నడిచి, ఖాళీ దగ్గర ఆగి, "ఇక్కడొకటి లేదేంది సారూ, ఊడిపోయిందా?" అన్నాడు.

బుల్లిబాబు ముందు చెప్పాల్సొస్తుందని అనుకోలేదు. "ఊడలేదండి. దాన్ని తొడుక్కున్నావిడ వచ్చి తీసుకెళ్ళిపోయారు. నేనన్న మాటకి" అన్నా.

"ఏమన్నరు?"

చెప్పా. స్టీలు సామాన్లవాడు, పాత బట్టలు, అన్నీ. మెర్లిన్ చెప్పమన్నట్టే.

ఆయన పకపకా నవ్వాడు. "మంచిగన్నరు సారూ!" అని బుల్లిబాబు భుజం మీద చరిచాడు. బుల్లిబాబు కూడా నవ్వాడు, మొదటిసారి విన్నట్టే.

ఆ మాటకి ఇంకా నవ్వొస్తుందని నేను ఊహించలేదు ప్రసాద్. సిగ్గుపడుతూ చెబితే విన్నవాళ్ళూ సిగ్గుపడతారనుకున్నా. అలవాటుకొద్దీ నా పెదాలు కూడా కదలబోయాయి. బిగబట్టా. తలెత్తి నిలబడటం చాతకాక, తల దించుకునే నిలబడ్డా. ఏదో ఒకటి అని ఆ నవ్వుని మళ్ళించడం నాకు క్షణం పని. ఏమీ అనలేదు. ముందు బుల్లిబాబు ఆపాడు. నా మొహం చూసి ఉంటాడు. తర్వాత ఆయన నవ్వు కూడా సన్నబడి, ఆగిపోయింది.

"అప్పుడు ఆమె ఇక్కడనే ఉన్నదా?" అన్నాడు ఆయన.

"ఉన్నారండి" అన్నా. "అదిగో, మీరు నిలబడ్డచోటే కుర్చీ వేయించా."

ఆయన ఓ అడుగు పక్కకి జరిగాడు.

నీ
కుటుంబరావు